తెలుగు అక్షరం, ఆపరేటింగ్ సిస్టమ్ విడుదలలు: సింహాచల శాసన పాఠాల నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

విశాఖపట్నం సమీపంలోని సింహాచల వరాహలక్ష్మీనృసింహస్వామి ఆలయంలో రెండు వందలకు పైగా శాసనాలు ఉన్నాయి. మొదటి కుళోత్తుంగ చోళుని కాలానికి చెందిన క్రీ.శ. 1098-99 నాటి శాసనాన్ని వీటిలో ప్రాచీనమైనదిగా చరిత్రకారులు గుర్తించారు. తూర్పు గాంగుల దానాలను, గజపతుల కాలపు ఒడియా లేఖనాలను, 1516లో శ్రీకృష్ణదేవరాయల ఆలయ సందర్శనను తెలిపే శాసనాలు ఆ తరువాతివి. ఈ శాసన పాఠాలను దక్షిణ భారత శాసనాల ఆరవ సంపుటం 1928లో అచ్చులోకి తెచ్చింది. ఆ సంపుటాన్ని చదవడానికి లిపి పరిజ్ఞానం ఉంటే చాలు. అదే పాఠాన్ని కంప్యూటరులోకి ఎక్కించే పరిశోధకునికి మాత్రం ఆ అక్షరాలను ఎరిగిన ఆపరేటింగ్ సిస్టమ్ కూడా కావాలి. మార్పులేని పాత విడుదలతో పనిచేయాలా, కొత్త విడుదలకు మారాలా అన్న ప్రశ్న సాంకేతిక నిపుణులది మాత్రమేనని అనుకోవడం పరిపాటి. తెలుగు పాఠాల విషయంలో అది ఆధారాల ప్రామాణికతకు సంబంధించిన ప్రశ్న.

ఫాంటుకు బందీ అయిన పాఠం

యూనికోడ్ 1991లో వెలువడిన తొలి కూర్పులోనే తెలుగుకు స్థానం కల్పించింది. భారత ప్రమాణమైన ఇస్కీ కూడా అదే ఏడాదిది. అయినా విండోస్‌లో తెలుగుకు అంతర్గత ఆదరణ, గౌతమి ఫాంటుతో సహా, 2001 అక్టోబరులో వచ్చిన ఎక్స్‌పీతో గానీ లభించలేదు. ఈ పదేళ్ల వ్యవధిలో తెలుగు ముద్రణ మరో దారి పట్టింది. అను వంటి ఫాంట్లలో రోమన్ అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షర ఖండాలను అమర్చారు. కంటికి తెలుగుగా కనిపించినా, ఫైలులో నిలిచేది రోమన్ సంకేతాల వరుసే. ఆ ఫాంటు, ఆ కీబోర్డు ప్రోగ్రాము, పేజ్‌మేకర్, వీటన్నిటినీ నడిపే పాత విండోస్ కలిసి ఉంటేనే అది తెలుగు.

డీటీపీ కేంద్రాలు పాత యంత్రాలను వదలకపోవడాన్ని ఛాందసంగా చూడడం సరికాదు. పాఠం యంత్రానికి కట్టుబడి ఉన్నప్పుడు, యంత్రాన్ని కదపకుండా ఉంచడమే పాఠాన్ని కాపాడుకోవడం. ఆ కాలపు సిద్ధాంతవ్యాసాలు ఎన్నో ఈ పద్ధతిలోనే టైపయ్యాయి.

స్థిరం అనే మాటకు అర్థం

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రంగంలో ఈ ఎంపిక బహిరంగ విధానంగా రూపొందింది. డెబియన్ తన విడుదలలను స్థిర, పరీక్షా, అస్థిర శాఖలుగా విభజించింది. ఇక్కడ స్థిరమంటే చెడిపోనిదని కాదు, మారనిదని. భద్రతా సవరణలు, తీవ్రమైన దోషాల దిద్దుబాట్లు తప్ప కొత్త కూర్పులు అందులోకి రావు. దాని 3.0 విడుదల 2002 జూలైలో వస్తే, తరువాతి 3.1 విడుదల 2005 జూన్‌లో వచ్చింది. భారతీయ లిపుల కూర్పు వేగంగా మెరుగుపడుతున్న కాలంలో మూడేళ్ల నిరీక్షణ చిన్నది కాదు. 2004లో మొదలైన ఉబుంటు ఆరు నెలలకొక విడుదల ఇచ్చింది. 2006 జూన్ నాటి 6.06తో దీర్ఘకాలిక మద్దతును కూడా చేర్చి, డెస్క్‌టాప్‌కు మూడేళ్లు, సర్వర్లకు ఐదేళ్లు నిర్ణయించింది. సీ-డాక్ 2007లో భారతీయ భాషల కోసం విడుదల చేసిన బాస్ లినక్స్ డెబియన్‌ను ఆధారం చేసుకున్నది.

ఆలస్యంగా వచ్చిన అక్షరాలు

యూనికోడ్‌లో తెలుగు 1991తో పూర్తి కాలేదు. దంత్య చకార జకారాలైన ౘ, ౙలు, భిన్నాంకాల గుర్తులు 2008 నాటి 5.1 కూర్పులో చేరాయి. ఴ 2014లో, ౚ 2015లో, నకారపొల్లు 2021లో ప్రవేశించాయి. 2001 నాటి ఫాంటులో ఇవి ఉండే అవకాశమే లేదు. ఎక్స్‌పీకి మద్దతు ముగిసింది 2014 ఏప్రిల్ 8న. ఆ తరువాత కూడా దానిపైనే కొనసాగిన పరిశోధకునికి ఈ అక్షరాలు లేనట్టే.

సింహాచల శాసనాలు పదకొండో శతాబ్ది చివర మొదలవుతాయి కనుక వాటికి ఴ అవసరం దాదాపు రాదు. వాటి భాషను రేనాటి చోళుల శాసనాలతో పోల్చే అధ్యేతకు మాత్రం అది అనివార్యం. కొత్త అక్షరం ఉన్న ఫైలును పాత యంత్రంలో తెరిస్తే ఖాళీ డబ్బా కనిపిస్తుంది, అంతే. ఒకసారి కేటాయించిన సంకేతాన్ని మార్చకూడదన్నది యూనికోడ్ నియమం కనుక దత్తాంశం చెక్కుచెదరదు. అసలు నష్టం టైపు చేసే చోట జరుగుతుంది. యంత్రంలో ఴ దొరకక పరిశోధకుడు ళ అని టైపు చేస్తే, ధ్వనిపరిణామానికి సాక్ష్యం అక్కడే మాసిపోతుంది. తరువాత ఎంత కొత్త విడుదల వచ్చినా దాన్ని తిరిగి ఇవ్వలేదు. మారని యంత్రం పాఠాన్ని మార్చేసే విచిత్ర స్థితి ఇది.

2018: మరో పార్శ్వం

కొత్తది ఎల్లప్పుడూ మేలన్న వాదానికి 2018 ఫిబ్రవరి అడ్డు వస్తుంది. ఆపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.5 నడుస్తున్న ఫోన్లలో ‘జ్ఞా’కు సంబంధించిన ఒక సంకేత వరుస కనిపించగానే ఆ అప్లికేషన్ కూలిపోయేది. జకారం, పొల్లు, ఞకారం, వాటి తరువాత కంటికి కనిపించని విభాజకం, ఆపైన దీర్ఘం: ఇదీ ఆ వరుస. అప్పటికి పరీక్షా దశలో ఉన్న 11.3లో ఈ దోషం లేదు. అంటే, స్థిరమన్న విడుదల కూలింది, పరీక్షలో ఉన్నది నిలిచింది. అయితే సంస్థ వినియోగదారులందరినీ 11.3కు తరలించలేదు. ఫిబ్రవరి 19న 11.2.6గా చిన్న సవరణను మాత్రమే విడుదల చేసింది, 11.3 మార్చి నెలాఖరున వచ్చింది. పునాదిని కదపకుండా దోషాన్ని మాత్రమే దిద్దే ఈ పద్ధతి డెబియన్ స్థిరశాఖ ఏనాటి నుంచో పాటిస్తున్నదే.

శాసన పాఠాల పనికి ఉపకరించేదీ ఈ విభజనే. మూల వ్యవస్థ దీర్ఘకాలిక మద్దతు గలదిగా ఉండవచ్చు. ఫాంటును, కీబోర్డు అమరికను మాత్రం యూనికోడ్ కూర్పులను అనుసరించి నవీకరించుకోవాలి. పాఠంతో పాటు అది ఏ యూనికోడ్ కూర్పు ప్రకారం టైపయిందో నమోదు చేయడం శాసన సంపాదకులకు ఇంకా అలవాటు కాలేదు. 2021కి ముందు టైపయిన పాఠాల్లో నకారపొల్లు సాధారణ ‘న్’గానే నిలిచి ఉంది. మూలంలో ఏ రూపం ఉందో తేల్చుకోవాలంటే అధ్యేత మళ్లీ శిల దగ్గరికో, దాని నుంచి తీసిన కాగితపు అచ్చు దగ్గరికో వెళ్లవలసి ఉంటుంది.