ఎన్నికల తర్వాత రాజకీయ పార్టీలు: 1977-80 అనుభవం

ప్రస్తావన

ఎన్నికల చరిత్ర చదివేటప్పుడు చాలామంది విద్యార్థులు ఫలితాల పట్టిక దగ్గరే ఆగిపోతారు. గెలిచిన పార్టీ కలిసికట్టుగా ఉండగలిగిందా, ఓడిన పార్టీ మళ్లీ నిలదొక్కుకుందా అన్న ప్రశ్నలకు ఆ పట్టికలో సమాధానం దొరకదు. 1977 మార్చి నుంచి 1980 జనవరి వరకు మన దేశంలో జరిగిన పరిణామాలు ఈ రెండు ప్రశ్నలకూ మంచి ఉదాహరణ. మూడేళ్లు నిండకముందే గెలిచిన పార్టీ చీలిపోయింది, ఓడిన పార్టీ తిరిగి అధికారంలోకి వచ్చింది. ఇందుకు గల కారణాలను ఈ భాగంలో పరిశీలిద్దాం.

1. 1977 తీర్పు

1975 జూన్ 25న విధించిన అత్యవసర పరిస్థితి నేపథ్యంలో ఆరో లోక్‌సభ ఎన్నికలు జరిగాయి. 1971లో 352 స్థానాలు గెలిచిన కాంగ్రెస్ ఈసారి 154కు పడిపోయింది. రాయబరేలీలో ఇందిరాగాంధీ స్వయంగా ఓడిపోయారు. ఉత్తరప్రదేశ్, బీహార్‌లలో ఆ పార్టీకి ఒక్క స్థానం కూడా దక్కలేదు. బలవంతపు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు, మురికివాడల కూల్చివేతల తాకిడి ఉత్తరాదిలో ఎక్కువగా ఉండటం ఇందుకు ఒక ముఖ్య కారణం.

దక్షిణాదిలో పరిస్థితి వేరు. ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్ గెలిచింది. మిగిలిన ఒక్క నంద్యాలలో జనతా అభ్యర్థి నీలం సంజీవరెడ్డి గెలిచారు. దేశం మొత్తం మీద కాంగ్రెస్‌కు 34.5 శాతం ఓట్లు వచ్చాయి. అంటే పార్టీ అధికారం కోల్పోయినా దాని పునాది చెక్కుచెదరని ప్రాంతాలు మిగిలే ఉన్నాయి.

2. గెలిచిన పార్టీ కష్టాలు

సంస్థా కాంగ్రెస్, జనసంఘ్, భారతీయ లోక్‌దళ్, సోషలిస్టు పార్టీలు కలిసి జనతా పార్టీగా ఏర్పడ్డాయి. జగ్జీవన్‌రామ్ నాయకత్వంలోని ప్రజాస్వామ్య కాంగ్రెస్ కూడా తర్వాత ఇందులో విలీనమైంది. అత్యవసర పరిస్థితి పట్ల వ్యతిరేకత వీటిని ఒక్కచోటికి చేర్చింది. ఆ పని ముగిసిన తర్వాత కలిపి ఉంచే ఉమ్మడి సిద్ధాంతం గానీ, కింది స్థాయిలో ఏకమైన పార్టీ యంత్రాంగం గానీ లేవు.

ప్రధాని పదవికి మొరార్జీ దేశాయ్, చరణ్‌సింగ్, జగ్జీవన్‌రామ్ ముగ్గురూ ఆశావహులే. 1978లో చరణ్‌సింగ్‌ను మంత్రివర్గం నుంచి తప్పించి, 1979 జనవరిలో ఉపప్రధానిగా తిరిగి తీసుకున్నారు. పూర్వపు జనసంఘ్ సభ్యులు రాష్ట్రీయ స్వయంసేవక్ సంఘ్‌తో సంబంధం కొనసాగించవచ్చా అన్న ద్వంద్వ సభ్యత్వ వివాదం చీలికను తీవ్రం చేసింది. 1979 జూలైలో మొరార్జీ రాజీనామా చేశారు. కాంగ్రెస్ (ఐ) మద్దతుతో ప్రధాని అయిన చరణ్‌సింగ్, ఆ మద్దతు ఉపసంహరణతో లోక్‌సభ విశ్వాసం కోరకుండానే ఆగస్టు 20న వైదొలిగారు. అప్పటికి రాష్ట్రపతిగా ఉన్న సంజీవరెడ్డి లోక్‌సభను రద్దు చేశారు.

3. ఓడిన పార్టీ కోలుకున్న తీరు

ఓటమి కాంగ్రెస్‌లోనూ చీలిక తెచ్చింది. 1978 జనవరిలో ఇందిరాగాంధీ వేరుపడి కాంగ్రెస్ (ఐ) ఏర్పరిచారు. మరుసటి నెలలోనే దానికి ఆంధ్రప్రదేశ్, కర్ణాటక శాసనసభ ఎన్నికలు ఎదురయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో ముఖ్యమంత్రి జలగం వెంగళరావు ఎదుటి కాంగ్రెస్ పక్షానే ఉన్నారు. అయినా 294 స్థానాల్లో 175 గెలిచి, మర్రి చెన్నారెడ్డి నాయకత్వంలో కాంగ్రెస్ (ఐ) ప్రభుత్వం ఏర్పడింది. కర్ణాటకలోనూ ఆ పార్టీయే గెలిచింది. అసలు కాంగ్రెస్ ఏది అన్న వివాదానికి ఓటర్లు ఇచ్చిన సమాధానం ఇది. అదే ఏడాది చిక్‌మగళూరు ఉపఎన్నికలో ఇందిరాగాంధీ గెలిచారు.

4. 1980: ఓట్లు, స్థానాలు

1980 జనవరిలో కాంగ్రెస్ (ఐ) 42.7 శాతం ఓట్లతో 353 స్థానాలు గెలిచింది. ఇందిరాగాంధీ రాయబరేలీ, మెదక్ రెండు చోట్లా గెలిచి మెదక్ స్థానాన్ని ఉంచుకున్నారు. జనతాకు సుమారు 19 శాతం ఓట్లతో 31, చరణ్‌సింగ్ వర్గానికి సుమారు 9 శాతం ఓట్లతో 41 స్థానాలు వచ్చాయి. 1977తో పోలిస్తే కాంగ్రెస్ ఓట్లు 8 శాతం మేర పెరిగితే స్థానాలు రెట్టింపు దాటాయి. ఎక్కువ ఓట్లు వచ్చిన ఒక్కరే గెలిచే మన పద్ధతిలో ప్రత్యర్థుల చీలిక ఎంత విలువైనదో ఈ లెక్క చూపుతుంది. తక్కువ ఓట్లు వచ్చిన చరణ్‌సింగ్ వర్గానికి ఎక్కువ స్థానాలు రావడాన్ని కూడా గమనించండి. దాని బలం కొన్ని ప్రాంతాల్లో కేంద్రీకృతం కావడమే అందుకు కారణం.

5. పార్టీ పోయినా మిగిలినది

జనతా ప్రయోగం విఫలమైందని చెప్పి ముగించడం సరికాదు. 1978 నాటి 44వ రాజ్యాంగ సవరణ ఆ కాలపు ఫలితమే. 'ఆంతరంగిక కల్లోలం' అన్న కారణం స్థానంలో 'సాయుధ తిరుగుబాటు' చేరింది. మంత్రివర్గం లిఖితపూర్వకంగా సలహా ఇస్తేనే రాష్ట్రపతి అత్యవసర పరిస్థితి ప్రకటించాలి. జీవించే హక్కును కాపాడే 21వ అధికరణ అమలును అప్పుడు కూడా నిలిపివేయడానికి వీల్లేదు. ఈ రక్షణలు నేటికీ అమలులో ఉన్నాయి. ఒక పార్టీ ఆయుష్షును, అది దేశానికి మిగిల్చినదాన్ని ఒకే కొలతతో కొలవకూడదు.

సారాంశం

ఉమ్మడి శత్రువు మీద ఆధారపడిన ఐక్యత విజయం తర్వాత నిలవడం కష్టం. ప్రాంతీయ పునాది, గుర్తింపు ఉన్న నాయకత్వం మిగిలిన పార్టీ ఓటమి నుంచి కోలుకోగలదు. అయితే ఆ పునరుద్ధరణ కాంగ్రెస్‌ను ఒక్క నాయకురాలిపై మరింతగా ఆధారపడేలా చేసింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1977 ఫలితాల్లో ఉత్తర, దక్షిణ భారతాల మధ్య తేడాకు కారణాలు వివరించండి.
2. జనతా పార్టీ చీలికకు దారితీసిన పరిస్థితులను చర్చించండి.
3. 44వ రాజ్యాంగ సవరణ ప్రాముఖ్యాన్ని తెలపండి.