డ్రోసెరా గింజల లెక్క

హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో గ్రూప్స్‌కి చదివే పిల్లల్ని కీటకాహార మొక్కల గురించి అడిగి చూడండి. నెపంథిస్, డ్రోసెరా, యుట్రిక్యులేరియా అని తడుముకోకుండా చెబుతారు. నత్రజని చాలని నేలల్లో పెరుగుతాయి, పురుగుల్ని పట్టి ఆ లోటు పూడ్చుకుంటాయి. ఒక మార్కు బిట్టుకి అది చాలు. అయితే ఆ జవాబులో మొక్కకు ఆకు తప్ప మరేమీ లేదు. పువ్వు, కాయ, గింజ ఊసే రాదు. పిల్లల్ని అని లాభం లేదు. శాస్త్రజ్ఞులు కూడా చాలాకాలం ఆకునే చూస్తూ కూర్చున్నారు. జిగురు చుక్కలతో ఎర్రగా మెరిసే ఆకు కళ్లెదుట ఉండగా, సన్నటి కాడ చివర రెండు మూడు గంటలు విచ్చుకునే పువ్వును ఎవరు పట్టించుకుంటారు? కానీ ఈ మొక్క చుట్టూ రేగిన పెద్ద తగవును తీర్చింది గింజలే. మన తెలుగు నేలమీది డ్రోసెరాలు ఏడాదికేడాది నిలిచేదీ గింజల మీదే.

మనవైపు ఎక్కువగా కనిపించేవి రెండు. నేలకు అతుక్కుని, రూపాయి బిళ్లంత చక్రంలా ఆకులు పరుచుకునేది డ్రోసెరా బర్మానీ. సన్నటి పొడుగాటి ఆకులతో నిటారుగా లేచేది డ్రోసెరా ఇండికా. రెండూ తడి ఇసుక నేలల్లో, చెరువుల అంచుల్లో, గడ్డి పలచగా ఉండే చోట్ల వానాకాలపు తడిని నమ్ముకుని మొలుస్తాయి. మూడోది పెల్టాటా, కొండల చల్లదనం కోరుకుంటుంది. దానికి నేలలో దాచుకునే చిన్న దుంప ఉంది కాబట్టి ఎండాకాలానికి భయం లేదు. మొదటి రెండిటికీ ఆ ఆసరా లేదు. నేల ఎండితే మొక్క పోతుంది, గింజ మిగులుతుంది.

పేర్ల కథ పొడుగే గాని తొందరగా చెప్పేయవచ్చు. పదిహేడో శతాబ్దం చివర్లో డచ్చివాళ్లు మలబారు తీరంలో వేయించిన ‘హార్టస్ మలబారికస్’ బొమ్మల్లో ఇండికా ఉంది. 1753లో లిన్నేయస్ దానికి ఇప్పటి పేరు పెట్టాడు. సింహళపు మొక్కల మీద 1737లో పుస్తకం వేసిన డచ్చి వైద్యుడు యోహానెస్ బర్మన్ పేరు మీదుగా 1794లో మార్టిన్ వాల్ రెండోదానికి బర్మానీ అని పెట్టాడు. 1915 నుంచి భాగాలుగా వెలువడిన గ్యాంబుల్ గారి మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షజాల గ్రంథంలో మూడూ చేరాయి. వీళ్లంతా ఎండబెట్టిన మొక్కను కాగితానికి అంటించి చదివినవాళ్లు. కుండీలో పెంచి, ఏం చేస్తుందో చూడాలన్న ఆత్రం వేరే చోట పుట్టింది.

అది డార్విన్ ఇంట్లో. 1860 వేసవిలో ససెక్స్ బీడు భూముల్లో గుండ్రాకుల డ్రోసెరా మీద చచ్చి అంటుకున్న పురుగులు చూసి ఆయనకు పిచ్చి పట్టినంత పనైంది. పదిహేనేళ్లపాటు వీలైనప్పుడల్లా మాంసం తునకలు, పాలు, గుడ్డు తెల్లసొన, చివరికి వెంట్రుక ముక్కలు ఆకుల మీద పెట్టి చూశాడు. 1875లో వచ్చిన ‘ఇన్‌సెక్టివరస్ ప్లాంట్స్’ పుస్తకంలో ఆకు కదలికా, జీర్ణరసమూ కళ్లకు కట్టినట్టు ఉంటాయి. ఒక్క లోటు మిగిలిపోయింది. పురుగు తినడం వల్ల మొక్కకు ఒరిగేదేమిటి? పురుగుల్లేకుండా పెంచినా మొక్కలు బాగానే బతుకుతున్నాయి కదా అని యూరప్‌లో కొందరు తోటమాలులూ, శాస్త్రజ్ఞులూ ఎదురు తిరిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే.

జవాబు డార్విన్ కొడుకు ఫ్రాన్సిస్ చెప్పాడు. 1877 వేసవిలో డ్రోసెరా మొక్కల్ని సూపు పళ్లేల్లో నాటి, ప్రతి పళ్లేన్నీ మధ్యలో అడ్డుచెక్కతో రెండు భాగాలు చేశాడు. బయటి పురుగులు వాలకుండా పైన పలచటి గుడ్డ కప్పాడు. ఒక సగానికి వేయించిన మాంసం చిటికెడు చిటికెడు తినిపించాడు, రెండో సగాన్ని పస్తు పెట్టాడు. సీజను అయ్యాక లెక్క తీస్తే, పస్తున్నవాటిని 100 అనుకుంటే, పూకాడలు తీసేసిన మొక్కల బరువు తిన్నవాటిలో 121 మాత్రమే. పైపైన చూసేవాడికి పెద్ద తేడా లేదు. పూకాడల సంఖ్య 165కి చేరింది, కాయలు 194కి. గింజల సంఖ్య 241. గింజల మొత్తం బరువు 380. తిన్నదంతా ఎక్కడికి పోయిందో ఇక వాదించేదేముంది? ఆకును చూసినవాళ్లకు కనబడని లాభం కాయలో దొరికింది. 1878లో ఈ ఫలితాలు అచ్చయ్యాక పాత అభ్యంతరం చాలావరకు సద్దుమణిగింది. నా మటుకు నాకు తండ్రి పుస్తకం కంటే కొడుకు లెక్కే ఎక్కువ ముచ్చటగా ఉంటుంది. సూపు పళ్లెం, అడ్డుచెక్క, గుడ్డ, ఓపిక... ఇవి అడిక్‌మెట్‌లో ఏ ఇంట్లో మాత్రం ఉండవు?

అడిక్‌మెట్ పేరు ఊరికే తేలేదు. ఈ కథలో దానికీ ఒక దారి ఉంది. 1881లో ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా తొమ్మిదో ముద్రణకు కీటకాహార మొక్కల మీద వ్యాసం రాసింది పాట్రిక్ గెడ్డెస్ అనే స్కాట్లాండ్ వృక్షశాస్త్రజ్ఞుడు. 1893లో ఆయన వేసిన ‘చాప్టర్స్ ఇన్ మోడర్న్ బోటనీ’ కూడా కూజా మొక్కలతోనే మొదలై డ్రోసెరా బంధుగణం మీదుగా నడుస్తుంది. డండీ కాలేజీలో చాలా ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పాడు. తర్వాత ఆయన మనసు మొక్కల మీంచి ఊళ్ల మీదికి మళ్లింది. 1914లో భారతదేశం వచ్చి పట్టణ నిర్మాణ సలహాదారుగా ఊరూరా తిరిగాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి శాశ్వత ప్రాంగణం ఎక్కడ కట్టాలో చూడటానికి ఆయన్ని పిలిచారు. 1923లో సిఫార్సులు ఇచ్చాడు. 1934లో నిజాం శంకుస్థాపన చేసిన క్యాంపస్ అడిక్‌మెట్ పక్కనే లేచింది. కీటకాహార మొక్కల గురించి లోకానికి పాఠం చెప్పిన మనిషే మన యూనివర్సిటీకి చోటు చూడటానికి వచ్చాడన్న సంగతి, ఆ క్యాంపస్‌లో బోటనీ చదివినవాళ్ల నోట కూడా అరుదుగానే వినిపిస్తుంది.

ఉస్మానియాలో చదువు మొదట ఉర్దూలో సాగేది. అక్కడి ప్రొఫెసర్ సయీదుద్దీన్ 1930లలో హైదరాబాద్ రాష్ట్రపు పూలమొక్కల జాబితాలు వేశారు. 1968లో తెలుగు అకాడమీ వచ్చాక వృక్షశాస్త్రం తెలుగులోకీ దిగింది. 1997 నుంచి పుల్లయ్య గారి ఆంధ్రప్రదేశ్ వృక్షజాల సంపుటాలు వచ్చాయి. ఇవన్నీ మొక్క ఎక్కడుందో చెప్పే పనులు. దాన్ని పెంచి నిలబెట్టే ప్రయత్నం గచ్చిబౌలిలో జరిగింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఎన్.వి. ప్రసాద్, కె. జయరామ్‌లు 2006లో ‘కరెంట్ సైన్స్’లో ఆంధ్రప్రదేశ్‌లోని ఇండికా, బర్మానీలకు ఎదురవుతున్న ముప్పు గురించి రాశారు. మరుసటి ఏడు ఇండికాను సీసాల్లో టిష్యూ కల్చర్ పద్ధతిన వేగంగా పెంచే తీరును ప్రకటించారు. ఈ మొక్కల మీద మందులవాళ్ల కన్ను పడటానికి కారణం ప్లంబాజిన్, మన చిత్రమూలం వేరులో ఉండే పదార్థమే. మందు కోసం పూతకు వచ్చిన మొక్కనో, కాయ పండని మొక్కనో పీకేస్తే ఏకవార్షికానికి మరుసటి ఏడు లేదన్నట్టే. దుంప ఉన్న పెల్టాటా సంగతి వేరు, వేరుతో సహా లాగితే తప్ప ఏదో ఒకటి మిగులుతుంది.

సీసా మొక్క సంఖ్యను పెంచుతుంది గాని ప్రయోగశాల కావాలి. మేడ మీద పెంచేవాడికి గింజే దారి. హైదరాబాద్‌లో మొదటి అడ్డంకి నీళ్లు. రాతి పొరల్లోంచి వచ్చే బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ, డ్రోసెరా వేర్లు తట్టుకోవు. వాన నీళ్లు పట్టి ఉంచుకోవడం అన్నిటికన్నా మంచిది. లేదంటే ఆర్.ఓ. నీళ్లు, టీడీఎస్ 50 దాటకుండా. కుండీలో ఎరువు మట్టి పనికిరాదు, పేడ అసలే వద్దు. పీట్‌లో కడిగిన ఇసుకో పెర్లైటో కలిపి, కింద పళ్లెంలో ఎప్పుడూ కాస్త నీళ్లు నిలిపితే సరి. కొబ్బరి పీచు పొడి చవక, కానీ ఉప్పు పోయేదాకా మార్చి మార్చి కడగాలి. గింజల్ని పైన చల్లి వదిలేయాలి, మట్టి కప్పితే వెలుతురు అందక మొలవవు.

పూత విషయంలో ఎక్కడెక్కడి సలహాలో ఇక్కడికి తెచ్చి అతికించడం నాకు నచ్చదు. వీనస్ ఫ్లైట్రాప్ పెంచేవాళ్లు పూకాడ కనిపించగానే తుంచేస్తారు, బలం ఆకులకు పోతుందని. ఏళ్ల తరబడి బతికే మొక్కకు అది సబబు. మన బర్మానీకి అదే చేస్తే ఇంకొన్నాళ్లు నిలవొచ్చు, వంశం మాత్రం ఆగిపోతుంది. దాని పూకాడ మొదట తేలు కొండిలా చుట్టుకుని లేస్తుంది, చుట్ట విప్పుకుంటూ కింది మొగ్గ నుంచి వరసగా పూస్తుంది. తెల్లటి పువ్వు ఎండలో కొద్ది గంటలే విచ్చుకుని ముడుచుకుంటుంది. ముడుచుకునేటప్పుడే పుప్పొడి కీలాగ్రానికి తగిలి పని అయిపోతుంది, తేనెటీగ రాకపోయినా ఫరవాలేదు. మబ్బు పట్టిన రోజు పువ్వు విచ్చకుండానే లోపల్లోపల జరిగిపోవచ్చు. పూకాడ ఆకులకు దూరంగా ఎందుకు లేస్తుందన్నదానికి ఒక వివరణ ఉంది. పుప్పొడి మోసే పురుగు ఆకు జిగురులో చిక్కుకుంటే మొక్కకే నష్టం.

పూత కాలంలో తిండి పెట్టాలనుకుంటే ఫ్రాన్సిస్ దారే మేలు, కొంచెం కొంచెంగా, ఆకు ఆకుకూ. పెద్ద ముక్క పెడితే బూజు పట్టి ఆకు కుళ్లుతుంది. కాయ గోధుమ రంగుకు తిరిగి ఎండాక తెల్ల కాగితం మీద కాడను వంచి తట్టితే నల్లటి నలుసులు రాలతాయి. ఆలస్యం చేస్తే గాలికి పక్క కుండీల పాలు. దక్షిణాఫ్రికా నుంచి వచ్చి మన నర్సరీల్లోకి చేరిన డ్రోసెరా కాపెన్సిస్ అయితే ఇలాగే అన్ని కుండీల్లోనూ కలుపులా మొలుస్తుంది. అయినా మే నెల ఎండకు అది నీరసపడుతుంది, బర్మానీ గింజ ఆ ఎండను పొట్లంలో హాయిగా దాటేస్తుంది.

గింజల్ని నీడలో ఆరబెట్టి, కాగితపు పొట్లం కట్టి, తడి తగలకుండా ఫ్రిజ్‌లో పెడితే తొలకరికి చల్లుకోవచ్చు. పొట్లం మీద పేరూ ఏడాదీ రాస్తే సరిపోదు, గింజ మొదట ఏ ఊరి మొక్క నుంచి వచ్చిందో కూడా రాయాలి. తనలో తనే ఫలించే మొక్క కాబట్టి ఒకే తల్లి పిల్లలే తరాల తరబడి కుండీల్లో నిండిపోతాయి. రెండు మూడు చోట్ల నుంచి వచ్చిన వంశాల్ని కలవకుండా విడిగా ఉంచడం అందుకే మంచిది. 2013లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఇండికా అని పిలుస్తూ వచ్చిన గుంపును విడదీసి తమ దేశపు మొక్కల్ని వేరే జాతులుగా తేల్చినప్పుడు పువ్వు, గింజ పోలికలు కూడా చూశారు. ఊరి పేరు లేని పొట్లంలోని గింజ అలాంటి పనికి అక్కరకు రాదు.