కోడంబాకం షాట్లు, సత్యవేడు ఫోన్లు

లాంగ్ షాట్, మిడ్ షాట్, క్లోజప్, లో యాంగిల్, టాప్ షాట్, సజెషన్ షాట్. ఫోనుతో వీడియో తీయడం మొదలుపెట్టినవారు ముందుగా సాధన చేసేవి ఇవే. తెలుగువారికి ఈ మాటలు మద్రాసులోని కోడంబాకం స్టూడియోల్లో నలిగి అలవాటైనవి. సత్యవేడుకు మద్రాసు ఎన్నడూ దూరం కాదు. ఈ ప్రాంతం చెంగల్పట్టు జిల్లాలోనే ఉండేది. మధ్యవర్తి పటాస్కర్ సిఫార్సుల మేరకు రాష్ట్రాల సరిహద్దులు సవరించినప్పుడు, 1960 ఏప్రిల్ 1న, చిత్తూరు జిల్లాలో చేరింది. తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. 2022లో ఏర్పడిన తిరుపతి జిల్లాలోకి సత్యవేడు వచ్చింది.

సినిమా పుట్టిన 1895 నాటికి షాట్లను ఇలా రకాలుగా విడదీసుకోలేదు. లూమియేర్ సోదరులు కెమెరాను ఒకచోట నిలిపి, ఎదురుగా జరిగేదాన్ని రీలు అయిపోయేదాకా తీసేవారు. 1900లో ఇంగ్లండులో జి.ఎ. స్మిత్ ఒక బామ్మ భూతద్దంలోంచి కనిపించే వస్తువులను తెరనిండా చూపించాడు. క్లోజప్‌కు తొలి రూపాల్లో అదొకటి. తర్వాత అమెరికాలో గ్రిఫిత్, ఆయన కెమెరామన్ బిట్జర్ దూరపు షాట్‌కూ దగ్గరి షాట్‌కూ ముడివేసి కథ చెప్పే పద్ధతిని స్థిరపరిచారు.

తెలుగు నేలకు ఈ విద్య ఫొటో స్టూడియో గుండా వచ్చింది. మచిలీపట్నంలో పుట్టిన రఘుపతి వెంకయ్య మద్రాసులో ఫొటోగ్రాఫరు. క్రోనో మెగాఫోన్ అనే యంత్రం తెప్పించి బొమ్మలు ఆడించి, 1914లో గెయిటీ థియేటర్ కట్టించారు. ఆయన కుమారుడు ప్రకాష్ 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశారు. 1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు సినిమాకు మాట వచ్చింది. అయితే మాటతోపాటు కెమెరాకు సంకెళ్లూ పడ్డాయి. మోటారు చప్పుడు మైకులో పడకుండా కెమెరాను కప్పి ఉంచాలి, నటులు మైకు దాటి కదలకూడదు. పైగా కథలు నాటకరంగం నుంచి వచ్చినవే, నటులూ అక్కడివారే. పద్యం పాడినంతసేపూ మనిషిని నిలువెత్తున చూపడం సహజంగానే తోచింది.

ఈ కట్లు వదిలించుకుని షాట్‌కు సొంత భాష దొరికిన చోటు వాహినీ, విజయా సంస్థల చిత్రాలు. అందులో పెద్ద వాటా ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీది. ‘స్వర్గసీమ’ (1945) మొదలు ‘పాతాళభైరవి’, ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’ వరకు ఆయన కెమెరా పనిని ఎంత చూసినా తనివి తీరదు. 1957 నాటి ‘మాయాబజార్’లో నౌకావిహారం పాటలో కనిపించే వెన్నెల ఆయన లైటింగుతో సృష్టించింది. నల్లనీళ్ల మీద తళుకు, ముఖాల మీద మెత్తని వెలుగు, వెనుక చీకటి. మూడింటినీ కలిపి నలుపు తెలుపుల్లోనే చల్లదనం తెప్పించారు. ఘటోత్కచుడి విందులో లడ్డూలు వాటంతటవే నోట్లోకి వెళ్తాయి. ఇలాంటి ట్రిక్కు షాట్లకు మొదటి నియమం, కెమెరా వెంట్రుకవాసి కూడా కదలకపోవడం.

యాంగిల్ సంగతి కూడా అంతే. కెమెరాను నేలకు దించి పైకి చూపిస్తే మనిషి తల ఆకాశాన్ని తాకి, ఆకారం పెరుగుతుంది. మిద్దె మీద నుంచి కిందికి చూపిస్తే అదే మనిషి నేలకు అణిగిపోతాడు. పౌరాణికాలూ జానపదాలూ ఏలిన కాలంలో దేవుడికీ రాక్షసుడికీ భక్తుడికీ తేడా చూపడానికి ఇంతకంటే చవకైన ఉపాయం లేదు.

చవక అనే మాటకు అప్పుడు బరువుంది. 35 ఎం.ఎం. ఫిల్ము సెకనుకు 24 ఫ్రేముల చొప్పున తిరిగితే వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాల్లో అయిపోతుంది. అందుకే దర్శకుడు కె.వి. రెడ్డి రిహార్సల్స్‌లోనే స్టాప్‌వాచీతో సన్నివేశాల నిడివి లెక్కగట్టేవారు. యాంగిల్ ఏదో, ఎక్కడ కట్ చెప్పాలో ముందే తేలిపోయేది. బాపు ఇంకో అడుగు ముందుకు వేసి షాట్లను బొమ్మలుగా గీసుకునేవారు. ఆయన తొలి చిత్రం ‘సాక్షి’ (1967) గోదావరి ఒడ్డున పులిదిండిలో, స్టూడియో సెట్లకు దూరంగా తయారైంది. ఊరి వీధే సెట్టయితే యాంగిల్ గోడలనూ చెట్లనూ బట్టి నిర్ణయమవుతుంది. నేడు ఫోను పట్టుకున్నవారి పరిస్థితికి ఇదే దగ్గర.

1974లో ‘అల్లూరి సీతారామరాజు’తో తెలుగులో సినిమాస్కోప్ వచ్చింది. వి.ఎస్.ఆర్. స్వామి కెమెరామన్. ఫ్రేము అడ్డంగా సాగేసరికి క్లోజప్‌లో ముఖం పక్కన బోలెడంత ఖాళీ మిగిలింది. ఆ ఖాళీని కొండలతో, జనంతో నింపడం కొత్త పని అయింది. 1989లో ‘శివ’లో స్టెడీక్యామ్ పరుగెత్తే మనిషి వెంట కుదుపు లేకుండా పరుగెత్తింది. పట్టాలు పరిచి ట్రాలీ తోసే అవసరం కొన్నిచోట్ల తప్పింది.

కెమెరా జేబులోకి రావడంలో సత్యవేడు ప్రాంతానికీ పాత్ర ఉంది. ఇక్కడి శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ కర్మాగారంలో తయారైన రెడ్‌మీ 2 ప్రైమ్‌ను షావోమీ తన తొలి భారతీయ తయారీ ఫోనుగా 2015 ఆగస్టులో విడుదల చేసింది. వెనుక 8 మెగాపిక్సెళ్ల కెమెరా. బార్ట్‌లీ కాలంలో నలుగురు మోసిన యంత్రం చేసే పనిలో చాలా భాగం ఇందులో ఇమిడిపోయింది.

అయితే ఫోను లెన్సు స్వభావం వేరు. ప్రధాన లెన్సు బాగా వెడల్పైనది, ఫొటో కెమెరా లెక్కలో సుమారు 24–28 ఎం.ఎం. దాన్ని ముఖానికి జానెడు దూరంలో పెట్టి క్లోజప్ తీస్తే ముక్కు ఉబ్బి, చెవులు వెనక్కి పోతాయి. స్టూడియోల్లో క్లోజప్‌కు 75 ఎం.ఎం. వంటి పొడవు లెన్సు వేసింది ఇందుకే. ఫోనులో టెలిఫొటో లెన్సు ఉంటే రెండు మూడడుగులు వెనక్కి జరిగి దాన్ని వాడితే ముఖం ముఖంలా ఉంటుంది. వేళ్లతో లాగే డిజిటల్ జూమ్ మాత్రం వివరాలను చెరిపేస్తుంది.

వెలుతురుకు సత్యవేడు ప్రాంతంలోని నాగలాపురం వేదనారాయణస్వామి ఆలయం మంచి పాఠం. ఏటా మార్చిలో సూర్యపూజ వేళ సాయంత్రపు కిరణాలు తొలినాడు స్వామి పాదాల మీద, మలినాడు నాభి మీద, మూడోనాడు నుదుటి మీద పడతాయి. దిగే పొద్దు అడ్డంగా లోపలికి వస్తుంది. వీధిలో నిలబడ్డ మనిషి కళ్లలోకి కూడా ఆ వేళే వెలుతురు చేరుతుంది. మిట్టమధ్యాహ్నం కళ్లు గుంటల్లో మునిగిపోతాయి.

సాధనకు ఒక చిన్న పని చాలు. టీకొట్టులో ఇద్దరి సంభాషణ. ముందు కొట్టు అంతా కనిపించే లాంగ్ షాట్, తర్వాత నడుము వరకు మిడ్ షాట్లు, ఆపై ఒకరి భుజం మీదుగా రెండోవారిని చూపే సజెషన్ షాట్. ఇద్దరి మధ్యా గీత ఉన్నట్టు ఊహించుకుని కెమెరాను దానికి ఒకే వైపున ఉంచాలి. దాటితే లుక్ తప్పి, ఎదురెదురుగా కూర్చున్నవారు ఇద్దరూ ఒకే దిక్కుకు చూస్తున్నట్టుంటుంది. ఫోనును అడ్డంగా పట్టుకుంటే ఇద్దరూ ఒకే ఫ్రేములో సర్దుకుంటారు. నిలువుగా పట్టుకుంటే ఒకరికే చోటుంటుంది, కాబట్టి షాట్ల సంఖ్య పెరుగుతుంది. స్టాండు లేనప్పుడు మోచేతులు పక్కటెముకలకు ఆనించి, కట్ చేసే ముందు రెండు మూడు సెకన్లు అదనంగా నిలపాలి. ఎడిటింగులో ఆ కొసలే పనికొస్తాయి.