ఊరందరికీ తెలిసిన ఖూనీ

ఇంగ్లీషు పల్లెటూరి ఖూనీ కితాబులంటే నాకు మహా షౌక్. అగాథా క్రిస్టీని మోపిదేవిలో కూర్చుని చదివితే ఆ మజాయే వేరు. 1930లో వచ్చిన మొదటి మిస్ మార్పుల్ నవలలో ఖూనీ జరిగేది పాదిరీగారి ఇంట్లోనే. ఊరి పేరు సెయింట్ మేరీ మీడ్, క్రిస్టీ కల్పించిన ఊరు. మిస్ మార్పుల్ అనే పెళ్లికాని ముసలామె తోటపని చేసుకుంటూ ఎవరు ఏ దారిన పోయారో, ఎంతసేపటికి తిరిగొచ్చారో చూస్తూ ఉంటుంది. మా ఖాలా అంతే. అరుగు మీద కూర్చుందంటే, అవనిగడ్డ బస్సు దిగిన మనిషి సుబ్రహ్మణ్యస్వామి గుడికి మొక్కు తీర్చడానికి వచ్చాడా, అప్పు వసూలుకు వచ్చాడా అన్నది నడక చూసి చెప్పేది. సాయంత్రానికి ఆమె మాటే నిజమయ్యేది.

మరి ఇలాంటి ఖాలాలు ఊరికి పదిమంది ఉండగా, మన పల్లెల మీద అలాంటి నవలలు ఎందుకు రాలేదు? ఈ సవాల్ నన్ను చాలా రోజులుగా సతాయిస్తోంది.

జాసూసీ కథలు మనకు కొత్త కాదు. ఉర్దూలో 1916లోనే జఫర్ ఉమర్ అనే పోలీసు అధికారి 'నీలీ ఛత్రీ' రాశాడు, ఫ్రెంచి దొంగ ఆర్సీన్ లుపిన్ కథను మన వేషంలోకి మార్చి. 1952లో ఇలాహాబాద్ నుంచి ఇబ్నె సఫీ 'జాసూసీ దునియా' మొదలుపెట్టాడు. ఫరీదీ, హమీద్ అంటే తెలియని ఉర్దూ ఇల్లు ఆ జమానాలో అరుదు. తెలుగులో కృష్ణకు అవతలి ఒడ్డు తెనాలిలో పుట్టిన కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ని, అసిస్టెంట్ రాజునీ ఇచ్చాడు. ఆరుద్ర, టెంపోరావు కూడా రాశారు. అద్దె పుస్తకాల షాపుల్లో అట్టలు ఊడిపోయేదాకా తిరిగాయి ఆ నవలలు. కానీ చూడండి, యుగంధర్ మకాం మద్రాసు. ఫరీదీ తిరిగేది పేరు చెప్పని ఒక పెద్ద షహర్. హోటళ్లు, కార్లు, క్లబ్బులు. పల్లె కనిపిస్తే దారిలో కనిపిస్తుంది, అంతే.

ఇంగ్లీషువాళ్ల పల్లె ఖూనీ కథకు ఒక అసలు వాకియా ఉంది. 1860 జూన్ చివరి రోజుల్లో, రోడ్ అనే పల్లెలోని పెద్ద బంగళాలో నాలుగేళ్లు కూడా నిండని సావిల్ కెంట్ అనే పిల్లవాణ్ణి గొంతు కోసి చంపారు. లండన్ నుంచి స్కాట్లండ్ యార్డ్ డిటెక్టివ్ జొనాథన్ విచర్‌ని పంపారు. అతను తోటమాలి కొడుకు. ఒక నైట్‌గౌను కనిపించడం లేదన్న సంగతి పట్టుకుని, పిల్లవాడి సవతి అక్క, 16 ఏళ్ల కాన్‌స్టన్స్ మీద షక్ పెట్టాడు. పెద్దింటి ఆడపిల్లని ఒక మామూలు పోలీసువాడు ఖాతిల్ అంటాడా అని దేశమంతా అతని మీద విరుచుకుపడింది. అమ్మాయిని వదిలేశారు, విచర్ పరువు మట్టిగొట్టుకుపోయింది. 1865లో ఆ అమ్మాయే వచ్చి నేరం ఒప్పుకుంది. అప్పటికి విచర్ నౌకరీ వదిలేసి ఇంట్లో కూర్చున్నాడు.

మూడేళ్లకు, 1868లో, విల్కీ కాలిన్స్ 'ది మూన్‌స్టోన్' రాశాడు. మరకపడిన నైట్‌గౌను అందులోకీ వచ్చింది, విచర్ లాంటి సార్జెంట్ కఫ్ కూడా వచ్చాడు. పోయేది ఒక వజ్రం. ఆ వజ్రం ఆ ఇంటికి ఎలా చేరిందంటే, 1799లో టిప్పు సుల్తాన్ శ్రీరంగపట్నం లూటీలో ఒక ఇంగ్లీషు అధికారి కొట్టేసింది! దొంగ సొత్తు దొంగతనమైతే ఇంగ్లీషు బంగళా అంతా గుండెలు బాదుకోవడం. 1611లోనే మా మచిలీపట్నంలో దుకాణం తెరిచినవాళ్ల గురించి చదువుతున్నానని ఆ పేజీల్లో నేను మరిచిపోలేను.

మొదటి ప్రపంచయుద్ధం తర్వాత, లక్షల మంది కొడుకుల్ని పోగొట్టుకున్న ఆ దేశంలో ఈ కథలు జోరందుకున్నాయి. ఒకే ఒక్క లాష్, దానికి ఒక కారణం, ఆఖరి అధ్యాయంలో అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి నిజం చెప్పే ఒక మనిషి. నిజం చెప్పగానే అందరూ ఒప్పుకుంటారు. విచర్‌కి దక్కనిది అదే.

మన పల్లెలో చిక్కు ఎక్కడంటే, ఖూనీ ఎవరు చేశారో ఊరందరికీ మొదటి రోజే తెలుసు. కాబట్టి నవలకు కావలసిన మొదటి ప్రశ్నే మిగలదు. గవాహీ ఎవరిస్తారన్నదే ప్రశ్న. బ్రిటిష్ జమానాలో అనుమానపు చావుల గురించి పోలీసులకు కబురు చేయాల్సిన జిమ్మేదారీ గ్రామాధికారిది. మునసబు అంటే అసలు అర్థం ఇన్సాఫ్ చేసేవాడని. మామూలుగా ఆయన భూములున్న పెద్దింటి మనిషి. ఖాతిల్ ఆయన చుట్టమే అయితే ఆ కబురు ఏ రూపంలో స్టేషన్‌కి చేరేదో ఊహించుకోండి. 1984లో ఎన్టీ రామారావు సర్కారు రద్దు చేసేదాకా ఆ పదవి నడిచింది.

కచేరీ మాటలు సగం మన జబానువే: ఫిర్యాదు, దర్యాప్తు, రుజువు, జామీను, వకీలు, ఖైదు. ఒక్క మాట మాత్రం తెలుగులోకి వచ్చేసరికి తలకిందులైంది. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, హక్కు అడిగేవాడు. తెలుగులో ముద్దాయి అంటే నేరం మోపబడ్డవాడు.

పులిగడ్డ వంతెన మీద కృష్ణ దాటి, రేపల్లె మీదుగా తెనాలి అవతలికి వెళితే చుండూరు. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిదిమంది దళితుల్ని పట్టపగలు వేటాడి చంపారు. లాషుల్ని గోనెసంచుల్లో కట్టి డ్రెయిన్‌లో పడేశారు. ఊళ్లో అప్పుడు పోలీసులున్నారు. బాధితులు పట్టుబట్టి ప్రత్యేక కోర్టుని ఆ ఊళ్లోనే పెట్టించుకున్నారు. క్రిస్టీ ఆఖరి అధ్యాయంలో లాగా ముద్దాయిలు, సాక్షులు, వకీళ్లు అందరూ ఊళ్లోనే ఒక కప్పు కింద కూర్చున్నారు. భర్తల్ని, కొడుకుల్ని పోగొట్టుకున్న ఆడవాళ్లు వచ్చి వేలు పెట్టి చూపించి చెప్పారు. 2007 జూలై 31న ఫైసలా వచ్చింది: 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది ఖైదు.

2014 ఏప్రిల్ 22న హైకోర్టు వాళ్లందర్నీ బరీ చేసింది. నేరం రుజువు కాలేదంది. ఆ మీదట మామ్లా సుప్రీంకోర్టు గడప ఎక్కింది.