కైనెటిక్ స్క్రోలింగ్

టచ్‌స్క్రీన్ మీద జాబితానో పేజీనో వేలితో జరిపి వదిలేశాక, అది ఉన్నచోటనే ఆగిపోకుండా అదే ఊపులో ఇంకొంత దూరం సాగి, క్రమంగా నెమ్మదించి నిలిచే పద్ధతిని కైనెటిక్ స్క్రోలింగ్ అంటారు. క్యారమ్స్ బల్ల మీద స్ట్రైకర్ ఇలాగే జారి ఆగుతుంది. మొమెంటమ్ స్క్రోలింగ్ అన్నా ఇదే.

1981 నాటి జిరాక్స్ స్టార్, 1984 నాటి మెకింటాష్ కంప్యూటర్లలో పేజీని కదిలించడానికి తెర అంచున స్క్రోల్‌బార్ ఉండేది. అది మౌస్ కోసం పుట్టిన ఏర్పాటు. మౌస్ బాణం మొన ఎంత సన్నటి గీతనైనా పట్టుకోగలదు. పామ్, పాకెట్ పీసీ వంటి చేతి పరికరాలు ఆ స్క్రోల్‌బార్‌నే చిన్న తెరలోకి తెచ్చుకుని, దాన్ని పట్టుకోవడానికి స్టైలస్ పుల్లను జతచేశాయి. పుల్ల పోతే గోటితో గీకవలసిందే. వేలికి తగ్గట్టు స్క్రోల్‌బార్‌ను లావు చేస్తే చదవడానికి చోటు తగ్గిపోతుంది. స్క్రోల్‌బార్‌తో పనే లేకుండా తెర మొత్తాన్నీ వేలికి పట్టుగా ఇవ్వడమే అసలు పరిష్కారం. జడత్వం ఆ తరువాతి మాట. పట్టు దొరికినా వందల పేర్ల జాబితాను వేలెడు వేలెడుగా లాగడం విసుగు పుట్టిస్తుంది కాబట్టి ఊపు అవసరమైంది.

2007 జనవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టీవ్ జాబ్స్ ఐఫోన్‌ను పరిచయం చేస్తూ పాటల జాబితాను వేలితో విసిరి చూపడంతో ఈ పద్ధతి లోకానికి తెలిసింది. దీని రూపకర్తల్లో ముఖ్యుడు ఆపిల్ డిజైనర్ బాస్ ఓర్డింగ్. జాబితా చివరికి చేరాక ఇంకా లాగితే కాస్త సాగి వెనక్కి వచ్చే 'రబ్బరు బ్యాండ్' కదలిక కూడా ఆయనదే. అది అలంకారం కాదు. చివర కదలకుండా నిలిచిపోతే ఫోన్ బిగుసుకుపోయిందేమోనని వాడేవారికి అనుమానం వస్తుంది; సాగి వెనక్కి వస్తే జాబితా అయిపోయిందని అర్థమవుతుంది.

లోపలి లెక్క తేలికే. వేలు తెరను వదిలే ముందు చివరి కొన్ని క్షణాల కదలిక నుంచి వేగాన్ని తీసుకుంటారు. ఐఫోన్ సాధారణ అమరికలో ఆ వేగం ప్రతి మిల్లీసెకనుకూ 0.998 వంతుకు పడిపోతుంది, అంటే ఒక సెకను గడిచేసరికి మిగిలేది సుమారు 13.5 శాతం. కష్టమంతా నొక్కడానికీ లాగడానికీ తేడా పోల్చడంలో ఉంది. వేలు కొంత మేర జరిగేదాకా ఆండ్రాయిడ్ దాన్ని లాగడంగా పరిగణించదు. పరుగెత్తుతున్న జాబితాపై వేలు పెడితే అది ఆగాలి తప్ప, ఆ వేలి కింద ఉన్న పేరుకు ఫోన్ కాల్ వెళ్లకూడదు.

వేలి కోసం కట్టని పాత వ్యవస్థలకు దీన్ని తరువాత అతికించడం తలనొప్పి అయింది. నోకియా ఎన్97 ఫోన్‌కు ఇది విడుదలయ్యాక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో అందింది. విండోస్ మొబైల్‌లో 6.5 కూర్పుతో 2009లో వచ్చింది. అదే ఏడాది నోకియా ఎన్900 కోసం మీమో 5 వ్యవస్థ వేలితో లాగే జాబితాలను మొదటి నుంచీ తనలో భాగం చేసుకుంది. ఆ ఫోన్‌ది ఒత్తిడిని గుర్తించే పాతరకం తెర అయినా స్క్రోలింగ్ చక్కగా సాగేది. తెర రకం కంటే సాఫ్ట్‌వేర్ శ్రద్ధే ముఖ్యమనడానికి ఇంతకన్నా మంచి రుజువు కనిపించదు.

రబ్బరు బ్యాండ్ కదలిక కోర్టులకూ ఎక్కింది. ఆపిల్ అమెరికా పేటెంట్ 7,469,381 ఓర్డింగ్ పేరున ఉంది. 2012 ఆగస్టులో శాంసంగ్‌పై జ్యూరీ విధించిన సుమారు 105 కోట్ల డాలర్ల పరిహారం వెనకున్న పేటెంట్లలో ఇదొకటి. మిత్సుబిషి పరిశోధనశాలలోని టచ్ బల్లపై ఇలాంటి కదలిక అంతకుముందే ఉందన్న శాంసంగ్ వాదనను జ్యూరీ ఒప్పుకోలేదు. జర్మనీలో మాత్రం కథ తిరగబడింది. అమెరికాలో ఆవిష్కర్త తన పనిని బయటపెట్టాక కూడా దరఖాస్తుకు ఏడాది గడువు ఉంటుంది. యూరప్‌లో ఆ వెసులుబాటు లేదు. ఫోటోలు అంచున సాగి వెనక్కి వచ్చే కదలికపై ఆపిల్‌కు ఉన్న యూరోపియన్ పేటెంట్‌ను 2013లో జర్మనీ పేటెంట్ కోర్టు కొట్టేసింది. అందుకు సాక్ష్యమైంది జాబ్స్ ఆవిష్కరణ సభ వీడియోయే.

ఈ పద్ధతి 2011లో లయన్ కూర్పుతో మాక్ కంప్యూటర్లలోనూ స్థిరపడింది. వేళ్లు కదిలిన వైపే పేజీ కదిలేలా దిశను మార్చారు, ట్రాక్‌ప్యాడ్ వాడేవారికి స్క్రోల్‌బార్‌లను పని లేనప్పుడు కనిపించకుండా చేశారు. పాత దిశే కావాలనుకునేవారు సెట్టింగ్స్‌లో దాన్ని ఇప్పటికీ ఎంచుకోవచ్చు.