పార్శ్వపు నొప్పి, నల్ల దారం, నేను కొన్న మాత్ర

మా అత్తవారిది జంషెడ్‌పూర్ పక్కన గోవింద్‌పూర్. శ్రీకాకుళం జిల్లా నుంచి కర్మాగారాల్లో పనికి వెళ్ళి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో వారిదొకటి. 1989లో ఆ ఊరు ఇంకా బీహార్‌లోనే ఉండేది. ఏడో నెలలో పుట్టింటికి వెళ్ళాల్సిన నా భార్య ఐదో నెలలోనే వెళ్ళింది. కారణం తలనొప్పి.

పెళ్ళికి ముందు నుంచీ ఆమెకు పార్శ్వపు నొప్పి ఉంది. గర్భం వచ్చాక మరీ ఎక్కువైంది. వెలుతురు చూడలేదు, పోపు వాసన పడదు, వాంతి అయితే గాని నొప్పి తగ్గదు. నేను సెలవు పెట్టి గోవింద్‌పూర్ చేరేసరికి ఆమె నుదుటి మీద శొంఠి గంధం, చేతికి నల్ల దారం ఉన్నాయి. తెల్లవారకముందే ఎవరో వచ్చి మంత్రం వేసి దారం కట్టి వెళ్ళాడట. కణత మీద చిన్న వాత పెట్టిస్తే మళ్ళీ రాదని ఇంకెవరో చెప్పారట కూడా. మా మామగారు ఒప్పుకోలేదు కాబట్టి సరిపోయింది. ఆ చుట్టుపక్కల పల్లెల్లో సంక్రాంతి మరునాడు పసిపిల్లల పొట్ట మీద వాతలు పెట్టే ‘చిడీ దాగ్’ అనే ఆచారం ఉంది. దాని ముందు దారం ఏపాటి?

అయినా నేను దారం మీద పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. అంతటితో ఊరుకోక మందుల షాపుకి వెళ్ళి, మా ఆఫీసులో ఒకాయన పార్శ్వపు నొప్పికి వాడే మాత్ర పేరు చెప్పి ఒక పట్టీ కొన్నాను. షాపతను ఎవరికని అడగలేదు, నేను చెప్పలేదు. వోచరు అడుగున చిన్న అక్షరాలు కూడా చదివే ఉద్యోగం నాది. ఆ పట్టీ వెనక ఏముందో మాత్రం చదవలేదు.

నా భార్య వేసుకోలేదు. “అడక్కుండా దేన్నీ నమ్మకూడదని మీరే కదా అంటారు, రేపు డాక్టరమ్మని అడుగుతాను” అంది. మర్నాడు డాక్టరమ్మ ముందు రక్తపోటు చూసింది, మూత్రపరీక్ష రాసింది, ఆ తరువాత పట్టీ చూసి తన బల్ల పక్కనున్న చెత్తబుట్టలో వేసింది. “ఇందులో ఎర్గోటమిన్ ఉంది. కాన్పయ్యాక గర్భసంచి ముడుచుకోవడానికి మేమిచ్చే మందు దీని చెల్లెలే. ఐదో నెలలో ఎవరిమ్మన్నారు?” అని అడిగింది. నేను గోడ మీది క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాను.

ఆ చెల్లెలి మాట తరువాత చాలాకాలం నన్ను వదల్లేదు. తలనొప్పికీ గర్భసంచికీ ఒకే మందేమిటి? చదవగా తెలిసిందిది.

పార్శ్వపు నొప్పి కొత్త జబ్బు కాదు. సుశ్రుత సంహిత దాన్ని అర్ధావభేదకం అంది. గ్రీకులు సగం తల అనే అర్థంలో పెట్టిన పేరే అరిగి అరిగి మైగ్రేన్ అయింది. ఎర్గోటమిన్ కథ మాత్రం ఒక బూజు కథ. రై అనే ధాన్యం కంకులకు ఎర్గాట్ అనే బూజు పడుతుంది. మన సజ్జకు వచ్చే తేనెబంక తెగులు దీనికి దాయాది. మధ్యయుగాల్లో యూరప్‌లో ఆ బూజు కలిసిన పిండితో రొట్టెలు తిన్నవాళ్ళకు రక్తనాళాలు బిగుసుకుపోయి, కాళ్ళూ చేతులూ నల్లబడి ఊడిపోయేవి. సెయింట్ ఆంటోనీ మంట అని పేరు పెట్టి ఆ సాధువుకు మొక్కుకున్నారు. మొక్కు సంగతి ఎలా ఉన్నా, తిండి మారితే కొందరు బాగుపడేవారు.

మంత్రసానులకు ఆ బూజు మరోలా ఉపయోగపడింది. నొప్పులు రావడానికి దాన్ని వాడతారని 1582లోనే జర్మన్ వైద్యుడు ఆడమ్ లోనిట్సర్ రాశాడు. 1808లో అమెరికాలో జాన్ స్టెర్న్స్ డాక్టర్లకు దాన్ని సిఫారసు చేశాడు, కాన్పు త్వరగా అవుతుందని. అయింది కూడా. కాని బిడ్డలు చనిపోయి పుట్టడం ఎక్కువైంది. బిడ్డ బయటికి వచ్చాక రక్తస్రావం ఆపడానికి తప్ప దీన్ని వాడవద్దని 1824లో డేవిడ్ హోసక్ హెచ్చరించాడు. లెక్క చూసి చెప్పిన మాట అది. నాకు ఇష్టమైన ఘట్టం.

1918లో స్విట్జర్లాండ్‌లో ఆర్థర్ స్టోల్ ఆ బూజు నుంచి ఎర్గోటమిన్‌ను వేరుచేశాడు. 1920లలో దాన్ని పార్శ్వపు నొప్పికి వాడటం మొదలైంది. 1935లో ఎర్గోమెట్రిన్ దొరికింది. అదే డాక్టరమ్మ చెప్పిన చెల్లెలు. ఇద్దరి పనీ బిగించడమే. తల రక్తనాళాలను బిగించే మందు గర్భసంచినీ బిగిస్తుంది, బిడ్డకు వెళ్ళే రక్తాన్నీ తగ్గిస్తుంది.

ఇంతకన్నా ఘోరం 1957లో పశ్చిమ జర్మనీలో మార్కెట్లోకి వచ్చింది. థాలిడోమైడ్. గర్భిణులకు కూడా క్షేమమని అమ్మారు. బ్రిటన్‌లో దాన్నీ ఎర్గోటమిన్‌నూ కలిపి వాల్‌గ్రెయిన్ అనే పేరుతో పార్శ్వపు నొప్పికే అమ్మారు! 1961 చివర్లో వెనక్కి తీసుకునే సరికి పదివేల మందికి పైగా పిల్లలు అవయవ లోపాలతో పుట్టారు. అమెరికాలో అనుమతి కోసం 1960లో దరఖాస్తు వస్తే ఫ్రాన్సెస్ కెల్సీ అనే అధికారి, రుజువులు చాలవని సంతకం పెట్టలేదు. కంపెనీ ఎంత ఒత్తిడి తెచ్చినా పెట్టలేదు. మంత్రగాణ్ణి మనం అడిగే ప్రశ్నే ఆమె మందుల కంపెనీని అడిగింది.

ఇప్పుడు గర్భిణికి పార్శ్వపు నొప్పి వస్తే, డాక్టరు సలహాతో, అవసరమైనంత మేరకే, మొదట వాడేది పారాసిటమాల్. దాని మీద 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడే ఆటిజం భయం పుట్టించాడు. స్వీడన్‌లో 24 లక్షలకు పైగా పిల్లల రికార్డులు చూసి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే తల్లి పిల్లలను పోల్చినప్పుడు అలాంటి సంబంధం కనిపించలేదు. మూర్ఛకూ పార్శ్వపు నొప్పి నివారణకూ ఇచ్చే వాల్‌ప్రోయేట్ మాత్రం బిడ్డకు నిజంగానే ప్రమాదం. పదవిని బట్టి కాదు, లెక్కను బట్టి వినాలి.

డాక్టరమ్మ ముందు రక్తపోటు ఎందుకు చూసిందో కూడా చెప్పాలి. ఐదో నెల దాటాక కొత్తగా వచ్చే తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, డొక్కల పైభాగాన నొప్పి, ముఖం వాపు, వీటిని పార్శ్వపు నొప్పి అనో దిష్టి అనో వదిలేస్తే అది గుర్రపువాతం ముందు వచ్చే ప్రీఎక్లాంప్సియా కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. అలాంటి వారికి మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తే మూర్ఛల ప్రమాదం సగానికి పైగా తగ్గుతుందని 33 దేశాల్లో పదివేల మంది స్త్రీలతో చేసిన మ్యాగ్‌పై పరీక్ష 2002లో తేల్చింది.

నా భార్య రక్తపోటు మామూలుగానే ఉంది. చీకటి గది, వేళకు తిండి, నిద్ర, ఎప్పుడైనా ఒక పారాసిటమాల్, ఇంతే వైద్యం. ఆరో నెలకు నొప్పి దాదాపు పోయింది. చాలామంది గర్భిణులకు అలాగే తగ్గుతుంది. హార్మోన్లు ఎగుడుదిగుడులు మాని నిలకడగా ఉండటం దానికి కారణమంటారు. ఆ విషయం అప్పట్లో నాకు తెలియదు కాబట్టి ఆ ఘనత అంతా దారం ఖాతాలో జమ అయింది.

కాన్పు సుఖంగా జరిగింది, అమ్మాయి. ఆసుపత్రి బిల్లు చూస్తే మందుల వరుసలో మిథైల్ ఎర్గోమెట్రిన్ ఇంజెక్షన్ ఉంది. చెల్లెలు సమయానికే వచ్చిందన్నమాట. హార్మోన్లు పడిపోవడంతో నాలుగో రోజున పార్శ్వపు నొప్పి మళ్ళీ వచ్చింది. దారం చేతికే ఉంది. అత్తగారు దాన్ని పట్టుకుని చూసి, “ముడి వదులైపోయింది నాయనా” అన్నారు.