కృత్రిమ సాలీడు పట్టు

సాలీడు పట్టు జన్యువులను వేరే జీవుల్లోకి చొప్పించి, అవి తయారుచేసిన ప్రోటీన్‌ను దారంగా వడికితే వచ్చేది కృత్రిమ సాలీడు పట్టు. సాలీడు వేలాడే దారం, బరువుకు బరువు చూస్తే, ఉక్కు కంటే గట్టిది, పైగా సాగుతుంది. కానీ సాలీళ్లను పట్టుపురుగుల్లా పెంచలేం. ఒకచోట ఉంచితే ఒకదాన్నొకటి తినేస్తాయి.

1990లో అమెరికాలోని వ్యోమింగ్ విశ్వవిద్యాలయంలో రాండీ లూయిస్ బృందం ఈ దారపు ప్రోటీన్ జన్యువులో కొంత భాగాన్ని వేరుచేసింది. తర్వాత కెనడా సంస్థ నెక్సియా బయోటెక్నాలజీస్ సాలీడు జన్యువును మేకల్లో పెట్టి, పాల నుంచి ప్రోటీన్ తీసింది. దానికి పెట్టిన ‘బయోస్టీల్’ అనే పేరుకు దక్కిన ప్రచారం దారం నాణ్యతకు దక్కలేదు.

ప్రోటీన్ చేతికొచ్చినా అసలు చిక్కు వడకడంలోనే ఉంది. సాలీడు పొట్టలోని సన్నని నాళంలో చిక్కటి ద్రవం ముందుకు జారేకొద్దీ ఆమ్లత్వం పెరుగుతుంది, లవణాలు మారతాయి, నీరు తగ్గుతుంది. చివర్లో సాలీడు కాలితో లాగేసరికి అణువులు వరుసకట్టి గట్టిపడతాయి. యంత్రాలు ఈ పనిని ఇంకా అంత నేర్పుగా చేయలేకపోతున్నాయి. అందుకే పుట్టుకతోనే వడకడం తెలిసిన పట్టుపురుగును వాడుకోవడం తెలివైన దారి. 2023లో చైనా శాస్త్రవేత్తలు జన్యువులను సవరించే క్రిస్పర్ పద్ధతితో పట్టుపురుగుల చేత సాలీడు పట్టు వడికించారు.

సహజమైన సాలీడు పట్టు తడిస్తే ముడుచుకుపోతుంది. బట్టలకు అది పనికిరాదని జపాన్ సంస్థ స్పైబర్ ప్రోటీన్‌నే మార్చింది. బ్యాక్టీరియాతో తయారైన ఆ ప్రోటీన్‌తో కుట్టిన ‘మూన్ పార్కా’ కోట్లు 2019లో 50 మాత్రమే అమ్మకానికి వచ్చాయి.